గొంతు దాటని మాట

మంగళవారం. లుమాయ, వంతెన సత్రం.

నిన్నటి ఉదయం గురించి ముందు రాస్తాను. అది మామూలు ఉదయం.

మెలకువ వచ్చేసరికి సత్రంలో ఇంకా దీపాలు వెలగలేదు. ఇక్కడ గదులు ఉండవు, అరలు ఉంటాయి. గోడ పొడవునా ఒకదాని మీద ఒకటి. మనిషి కాళ్ళు చాపుకునే పొడవు, కూర్చుంటే తల తగలనంత ఎత్తు. నాది కింది అర, నా పైన చెల్లెలు లిదియ, ఎదురుగా తమ్ముడు గిద్యోను. దుప్పటి మడిచాను. జుట్టు ముడివేసుకున్నాను. నీళ్ళకు ఇంకా మా వంతు రాలేదు కాబట్టి సీసాలో మిగిలిన గుక్కెడుతో తువ్వాలు తడిపి మొహం తుడుచుకున్నాను. పైట తల మీదికి లాక్కుని అరలోనే మోకరించాను.

మా అమ్మ పెట్టిన అలవాటు ఒకటుంది. రోజులో తొలి మాట దేవునితో. ప్రార్థన అయ్యేదాకా మనుషులతో మాట్లాడకూడదు. ఎంత అవసరమైనా సైగ చెయ్యాలి గానీ నోరు తెరవకూడదు. లిదియా గిద్యోనూ ఆ అలవాటు ఎప్పుడో వదిలేశారు. నేను వదల్లేదు. పైకి వినిపించకుండా, లోపలే చెప్పుకుంటాను. ముందు వందనాలు, తర్వాత పేర్లు. ఎవరికి ఏ కష్టం ఉందో వాళ్ళ పేరు పక్కన ఆ కష్టం. అంతే నా ప్రార్థన.

మధ్యలో మెడలో బిళ్ళ అదిరింది. లుమాయ రేవులో దిగిన ప్రతి మనిషికీ ఈ బిళ్ళ కడతారు. గొంతు గుంటకు ఆనుకుని ఉంటుంది. ఏ సందులోకి ఎప్పుడు అడుగుపెట్టాలో అదే చెబుతుంది. ఇంత జనం ఒకరినొకరు తొక్కుకోకుండా నడుస్తున్నారంటే దానివల్లే. మన మాటను వాళ్ళ భాషలోకి, వాళ్ళ మాటను తెలుగులోకి మార్చేదీ అదే. ఏదైనా అడగాలంటే మూడుసార్లు అడుగుతుంది. వద్దనుకుంటే నోరు విప్పి చెప్పాలి. ఊరుకుంటే ఒప్పుకున్నట్టు. ఇంతమందీ ప్రతిదానికీ సరే సరే అంటుంటే చెవులు పగిలిపోతాయని ఈ ఊరివాళ్ళు అలా పెట్టుకున్నారట.

బిళ్ళ మూడుసార్లు ఏదో సణిగింది. తెలుగులో కాదు. నీళ్ళ వంతు గురించి అయి ఉంటుందనుకున్నాను. కళ్ళు తెరిస్తే ఎదురుగా గిద్యోను, బూట్ల తాళ్ళు కట్టుకుంటూ నావంకే చూస్తున్నాడు. వాడు ఆ వేళకు లేచే మనిషి కాదు. కొత్త ఊరు, నిద్రపట్టలేదేమో అనుకుని మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.

ముగించి లేచేసరికి టీ పట్టుకుని నిలబడ్డాడు.

"పెద్దక్కా, మనల్ని పై అంతస్తుకు మార్చారు. కిటికీ పక్క అరలు. పొద్దున టిఫిను కూడా వాళ్ళే పెడతారంట."

"మన టికెట్టుకి కిటికీ రాదన్నావుగా."

"వచ్చిందిగా మరి. దేవుడి దయ."

వాడి నోట ఆ మాట విని చాలా ఏళ్ళయింది. సంతోషపడ్డాను.

ఈ ప్రయాణం వాళ్ళిద్దరూ నాకిచ్చిన కానుక. చీరాల ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉడకబెట్టడమే నా ఉద్యోగం. ఊరు దాటింది లేదు. పని మానుకున్న రోజున గిద్యోను చెప్పాడు: "ఇంక నువ్వు ఊళ్ళు చూడాలి. వీపున సంచి తగిలించుకుని, చవగ్గా, నాలుగు నగరాలు తిప్పుతాం." రోజూ నాలుగు ముక్కలు రాయమని, తిరిగి వెళ్ళాక చర్చిలో స్త్రీల కూడికలో చదవొచ్చని లిదియ అంది. అందుకే రాస్తున్నాను.

బుధవారం.

ఈ రోజు తేలే బజారు చూశాం. సముద్రం పొంగాక ఊరు పైకి పెరిగింది గానీ బజారు మాత్రం నీళ్ళ మీదే ఉండిపోయింది. వంతెన మీద మా వంతు కోసం చాలాసేపు నిలబడ్డాం. ఇక్కడ సంచి వీపున వేసుకోకూడదు, పొట్ట మీద వేసుకోవాలి. వీపున ఉంటే వెనక మనిషి మొహానికి తగులుతుంది. ఊరంతా ఒకరి మెడ మీద ఒకరు ఊపిరి విడుస్తూ నడుస్తారు. అయినా ఎవరూ గట్టిగా మాట్లాడరు. చెప్పుల చప్పుడే వాన పడుతున్నట్టు వినిపిస్తుంది.

"ఎనిమిదో నెల కడుపుతో ఉన్నట్టున్నావురా," అంది లిదియ, గిద్యోను సంచిని చూసి.

"కవలలు చిన్నక్కా. ఒకడు నీ చెప్పులు, ఇంకొకడు నీ పచ్చడి సీసా."

"పచ్చడి జాగ్రత్తరా. కారిందంటే నిన్నే నంజుకు తింటా."

నేనూ నవ్వాను. ముందున్న వాళ్ళు తిరిగి చూశారు. నన్ను చూసి పక్కకు ఒదిగి దారి ఇచ్చారు. అలా ఇచ్చింది వాళ్ళొక్కరే కాదు. సేమియా అమ్మే ఆమె నా గిన్నెలో రెండో గరిటె వేసి గుండె మీద చెయ్యి పెట్టుకుంది. పడవ దాటించే మనిషి నన్ను నీడ ఉన్న వైపు కూర్చోబెట్టాడు. పెద్దదాన్నని మర్యాద చేస్తున్నారు, మంచి ఊరు అన్నాను.

లిదియ నీళ్ళలోకి చూస్తూ, "అవునక్కా, మంచి ఊరే," అంది. తర్వాత తలనొప్పిగా ఉందని సత్రానికి వచ్చేదాకా మాట్లాడలేదు.

సాయంత్రం ప్రార్థనలో ఈ ఊరివాళ్ళను కూడా చేర్చుకున్నాను.

గురువారం.

కూడికలో చదవడానికి పనికిరాని సంగతి జరిగింది. అయినా రాస్తాను.

పొద్దున ప్రార్థన ముగించి బట్టలు ఉతకడానికి డాబా మీదికి వెళ్ళాను. అక్కడ తొట్టి దగ్గర ఒక ముసలాయన చొక్కా పిండుకుంటున్నాడు. పేరు బెరాన్ అని చెప్పాడు. రేవులో క్రేను నడిపేవాడట. నన్ను చూడగానే చొక్కా వదిలేసి రెండు చేతులూ జోడించాడు. ఆయన ఏదో అడిగాడు. బిళ్ళ ఎప్పటిలాగే రేడియోలో వార్తలు చదివినట్టు దాన్ని తెలుగులో చెప్పింది.

"తమరి సోదరుని హస్తకంపము తగ్గినదా?"

అర్థం కాలేదు. మళ్ళీ అడగమన్నాను. అదే చెప్పింది. తర్వాత, "లిదియమ్మ గారి గర్భము రెండు పర్యాయములు నిలువలేదని విని మేమందరమూ దుఃఖించితిమి."

చేతిలో సబ్బు జారిపోయింది. గిద్యోను చెయ్యి వణుకుతున్న సంగతి నేను మనిషన్నవాడికి చెప్పలేదు. వాడికే తెలియదు నేను గమనించానని. లిదియ సంగతి మా ఇంటి నాలుగు గోడలు దాటలేదు. ఈ రెండూ నేను చెప్పుకునేది ఒక్క చోటే.

"మీకు ఎవరు చెప్పారు?" అన్నాను.

ఆయన ఆశ్చర్యపోయాడు. "తమరే గదా."

నన్ను మెట్లు దింపి సత్రం వెనక హాలుకు తీసుకువెళ్ళాడు. వాళ్ళు దాన్ని నిమ్మళం గది అంటారట. చాపలు పరిచి ఉన్నాయి. పొద్దున వచ్చినవాళ్ళలో కొందరు ఇంకా వెళ్ళలేదు. రేవు పని బట్టలతో ఒకతను గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఒక తల్లి పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఈ ఊళ్ళో నీడకు, నీళ్ళకు, నడకకు వంతు ఉన్నట్టే మనసు కుదుటపడటానికీ వంతు ఉంది. ఇంత రద్దీలో పుట్టి పెరిగినవాళ్ళకు లోపల నిశ్శబ్దం ఎలా ఉంటుందో తెలియదట. అది ఉన్న ప్రయాణికులు ఎవరైనా వస్తే వాళ్ళకు సత్రం మంచి అర, తిండి, ముందు వంతు ఇస్తుంది. అలాంటివాళ్ళు ఎదురైతే దారి ఇమ్మని ఊరివాళ్ళకు వాళ్ళ బిళ్ళలే చెబుతాయట. బదులుగా వాళ్ళ ధ్యానమో ప్రార్థనో ఇక్కడ కూర్చున్నవాళ్ళ చెవిలో వినిపిస్తుంది. పెదవి కదలకపోయినా మనసులో అనుకునే మాటకు గొంతు నరం కదులుతుంది. బిళ్ళ దాన్ని చదువుతుంది.

గది గుమ్మంలో సత్రం నడిపే ఆమె, సిమోయ, నిలబడి ఉంది. నేను ఒప్పుకోలేదని చెప్పాను. ఆమె నా బిళ్ళను తాకి చూసింది.

"సోమవారము ప్రాతఃకాలమున తమరిని మూడు పర్యాయములు అడిగితిమి. తమరు మౌనము వహించితిరి."

"ఆ వేళకే అడగమని ఎవరు చెప్పారు?"

"తమరి సోదరుడు. ఆ సమయమున తమరు మిక్కిలి ప్రశాంతముగా నుందురని చెప్పెను. బిళ్ళను తమ భాషలోనికి మార్చవలదనియు, తమరికి అంతరాయము కలుగుననియు చెప్పెను."

నేను డాబా మీదికి వెళ్ళి బట్టలు ఆరేశాను. అవి నా బట్టలు, లిదియవి, గిద్యోనువి. ముగ్గురివీ ఆరేశాను.

గురువారం, మధ్యాహ్నం.

వాళ్ళిద్దరితో మాట్లాడటానికి ఇక్కడ చాటు లేదు. దీపస్తంభం చూడటానికి వెళ్ళే వరసలో, వంతెన మీద, ముందూ వెనకా జనం ఒత్తుకుంటుండగా అడిగాను. బిళ్ళలు మూడింటినీ భాష మార్చకుండా ఆపించాను.

"గిద్యా, నా ప్రార్థన ఎవరికిచ్చావు?"

వాడు వెంటనే లిదియ వంక చూశాడు. దాంతో ఇంకొకటి తెలిసింది.

"నీకూ తెలుసా?" అన్నాను దాన్ని.

"వచ్చేటప్పుడు పడవలోనే చెప్పాడక్కా." లిదియ సంచి పట్టీ నలుపుతూ ఉంది. "వద్దన్నాను. తర్వాత... మంచి పనేగా, నలుగురికి శాంతి కలుగుతుంది అనుకున్నా."

"నన్ను అడగాలని అనుకోలేదా?"

"అడిగితే నువ్వు ఒప్పుకోవుగా," అన్నాడు గిద్యోను.

"అందుకని అడగలేదు."

"అడిగింది పెద్దక్కా. మూడుసార్లు అడిగింది. నువ్వు కాదనలేదు."

"ఏ వేళకు అడిగిందో నువ్వే చెప్పు."

వరస రెండడుగులు కదిలింది. మేమూ కదిలాం.

"నీ దగ్గర్నుంచి పోయిందేంది చెప్పు. నువ్వు ఎట్టాగూ చేసుకునేదేగా. కొత్తగా ఒక్క ముక్క చెయ్యమన్లేదు నిన్ను. నువ్వు మోకరించావు, వాళ్ళు విన్నారు. అంతేగా. చర్చిలో అందరి ముందూ ప్రార్థన చెయ్యవా?"

"చర్చిలో నీ చెయ్యి గురించి చెప్పను."

వాడి కుడిచెయ్యి అప్పటికే సంచి కింద ఉంది. ఇంకా లోపలికి తోశాడు.

"నా చెయ్యికేమైంది?"

"టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటున్నావు. ఆరు నెలల నుంచి. రోజూ దేవునితో అదే చెబుతున్నాను. సోమవారం నుంచి ఈ ఊళ్ళో హాలు నిండా మనుషులు వింటున్నారు. ఇందాక ఒకాయన తగ్గిందా అని అడిగాడు. నీ సంగతి కూడా ఉంది లిదియా, రెండుసార్లూ."

లిదియ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పక్కనున్న ఆమె ఏమీ అర్థం కాకపోయినా దాని భుజం మీద చెయ్యి వేసింది. అంత ఇరుకులో చెయ్యి పెట్టుకోవడానికి చోటు అక్కడే దొరికిందేమో తెలియదు.

"నువ్వేంది, మమ్మల్ని అట్టా బయటేసుకుని చెప్పుకుంటావా?" అన్నాడు గిద్యోను.

"బయటేసుకుని కాదు. లోపల."

వరస ఇంకొంచెం కదిలాక వాడే మళ్ళీ అన్నాడు. గొంతు తగ్గింది. "పడవ ఇంజన్ల పని పోయింది పెద్దక్కా. బోల్టు పట్టుకుంటే నిలవటం లేదు. అప్పటికే నీకు మాటిచ్చేశా, నాలుగు నగరాలని. ఎట్టా వెనక్కి తీసుకునేది? చవగ్గా తిరగడం ఎట్టాగా అని వెతుకుతుంటే ఇది కనపడింది."

"వెనక్కి తీసుకున్నా నేనేమీ అనేదాన్ని కాదు."

"తెలుసు. నువ్వేమీ అనవు. అదే కష్టం నీతో."

"తమ్ముడూ, ఇది మీరు నాకిచ్చిన కానుక అన్నారు."

"అవును."

"కిటికీ నాది. తిండి నాది. ముందు వంతు నాది. మీరిచ్చిందేంది?"

దీపస్తంభం దగ్గరికి మా వంతు వచ్చింది. ఎక్కి చూశాం. ఊరు మధ్యలో ఎక్కడా నేల కనిపించలేదు, తలలే కనిపించాయి. బాగుందని ఎవరూ అనలేదు.

శుక్రవారం.

పొద్దున మోకరించాను. అలవాటైన పని కాబట్టి మోకాళ్ళు వంగాయి. వందనాలు చెప్పుకున్నాను. తర్వాత పేర్ల దగ్గరికి వచ్చి ఆగిపోయాను.

పేర్లు గుర్తు రాక కాదు. మాటలు చక్కగా పేర్చుకుంటున్నానని గమనించాను. గిద్యోను చెయ్యి అనబోయి, ఎవరికీ తెలియకుండా దాన్ని ఇంకోలా ఎలా చెప్పాలా అని వెతుకుతున్నాను. లిదియ పేరు దగ్గర మంచి మాట ఒకటి దొరికితే, కింద హాల్లో కూర్చున్న ఆ తల్లికి బాగుంటుందని తోచింది. ఇన్నేళ్ళలో నేను దేవుని ముందు మాటలు ఏరుకున్నది లేదు. ఈ పూట ఏరుకున్నాను, వినేవాళ్ళ కోసం. కళ్ళు తెరిచి, ఆమెన్ అనకుండానే లేచాను.

బిళ్ళ తీసి పక్కన పెట్టి మళ్ళీ మోకరిస్తే సిమోయ పరుగెత్తుకుంటూ వచ్చింది. బిళ్ళ లేకుండా ఈ ఊళ్ళో మనిషి ఉండకూడదు. తలుపు దాటలేరు, వంతు రాదు, జబ్బు చేసినా ఎవరికీ తెలియదు. ఆమె కోప్పడలేదు. ఆమే స్వయంగా పట్టీ కట్టి, "కాదని తమరు చెప్పవచ్చును, అది తమరి హక్కు," అంది. చెబితే ఏమవుతుందో కూడా చెప్పింది. నా పేరు మీద వచ్చినవాళ్ళందరికీ అరలు పోతాయి. వీధుల్లో వంతు ఆఖరికి వెళుతుంది. మిగిలిన మూడు నగరాల్లో కూడా గిద్యోను మాట్లాడుకున్నది నా ప్రార్థన మీదే కాబట్టి అక్కడా చోటు ఉండదు. తిరుగు పడవ టికెట్టు మాత్రం ఉంది. అదీ డెక్కు మీద.

డాబా మీద బెరాన్ కనిపించాడు.

"ఈ దినము తమరు త్వరగా ముగించితిరి. మాకు చాలలేదు."

"నేను ఇవ్వలేదండీ. నాకు తెలియకుండా ఇచ్చారు."

బిళ్ళ అది ఆయన భాషలో చెప్పేసరికి ఆయన మొహం మారిపోయింది. తొట్టి అంచు మీద కూర్చుండిపోయాడు. భార్య పోయినప్పటి నుంచి తనకు ప్రార్థన రావడం లేదని, నాది వింటుంటే ఎవరో తన బరువు ఒక కొస పట్టుకున్నట్టు ఉండేదని చెప్పాడు. చెవిలోంచి, నా ప్రార్థన వినిపించే చిన్న గవ్వలాంటిది తీసి జేబులో వేసుకున్నాడు.

"క్షమింపుడు. ఇచ్చితిరని చెప్పిరి. తలుపు చాటున నిలిచితినని తెలియదు."

క్షమించమన్న మాట నాతో మొదట అన్నది ఆయన. గిద్యోను ఇంకా అనలేదు. లిదియ ఏడ్చింది గానీ అనలేదు.

శుక్రవారం, సాయంత్రం.

కిటికీ అరలో ముగ్గురం కూర్చున్నాం. కింద వంతెన నిండా జనం పనుల నుంచి తిరిగి వస్తున్నారు. లిదియ అన్నం గిన్నెలు సర్దింది. ఎవరూ ముట్టుకోలేదు.

"ఇంకొక్క పది రోజులు ఓర్చుకోవా పెద్దక్కా," అన్నాడు గిద్యోను. "మా పేర్లు వదిలేసి చేసుకో. ఉత్త వందనాలు చెప్పుకో. వాళ్ళకు అదైనా చాలు."

"ఒరే, నోర్ముయ్యిరా," అంది లిదియ. ఈ వారంలో అది నా వైపు మాట్లాడటం అదే మొదలు.

నేను బిళ్ళ మీద వేలు పెట్టి, "ఒప్పుకోను," అన్నాను.

పైకి, గట్టిగా. పక్క అరల్లోంచి తలలు బయటికి వచ్చాయి. ఇంట్లో ఎవరితోనూ ఆ మాట అన్న గుర్తు లేదు నాకు. బిళ్ళ మళ్ళీ అడిగింది, ఈసారి తెలుగులో: ఇంతవరకు విన్నది దాచి ఉంచవచ్చునా? వద్దన్నాను. అర్ధకాలము మాత్రము వినవచ్చునా? వద్దన్నాను. సోదరుని కోరికపై పునఃపరిశీలింతురా? వద్దన్నాను. అది అడుగుతూనే ఉంది, నేను అంటూనే ఉన్నాను. చివరికి అదే ఊరుకుంది.

గిద్యోను రెండు చేతులూ బయటపెట్టి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. కుడిది వణుకుతోంది. దాచుకోలేదు.

"తప్పయింది పెద్దక్కా," అన్నాడు. "రేపట్నించి మళ్ళీ మామూలుగా చేసుకుందువుగాని. నా సంగతి కూడా చెప్పు. చెబుతావుగా?"

కోపంతో చెప్పకూడదని ఆగాను. కోపం తగ్గాక కూడా జవాబు అదే ఉంది.

"చెప్పలేను తమ్ముడూ. మీ పేరు ఎత్తితే ఎవరో వింటున్నట్టే ఉంటుంది. బిళ్ళ తీసేసినా ఉంటుంది."

"నాకు ప్రార్థన రాదు పెద్దక్కా. నీకు తెలుసుగా."

"నీ చెయ్యి గురించి నువ్వే చెప్పుకో. వచ్చినట్టు చెప్పుకో."

ఈ సాయంత్రం నిర్ణయించుకున్నవి ఇవి. రేపు మధ్యాహ్నం పడవకు డెక్కు మీద ఇంటికి వెళ్ళిపోతాం. మిగతా నగరాలు చూడం. ఊళ్ళో దిగగానే లిదియ గిద్యోనును ఆస్పత్రికి తీసుకువెళుతుంది, నేను వెళ్ళను. ఇక నా తరఫున ఎవరూ, ఏ విషయంలోనూ, మాట ఇవ్వకూడదు. నేను మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టు కాదని ఇద్దరూ పైకి అన్నారు. పొద్దున ఎవరి ప్రార్థన వాళ్ళు, ఎవరి పేరు వాళ్ళు చెప్పుకోవాలి. నా ప్రార్థనలో వాళ్ళ పేర్లు ఉండవు.

ఎంతకాలమని లిదియ అడిగింది. అది మాత్రం నిర్ణయించలేదు.